చేతి మాటకు దుబాసి

తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటిగా పేరుపడ్డ కాశీయాత్ర చరిత్రను రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఏ ఉద్యోగం చేసేవారని అడిగితే మనలో చాలామంది తడుముకుంటారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసి. సాక్షి తన భాషలో చెప్పింది ఇంగ్లీషు జడ్జీకి అప్పజెప్పడం, జడ్జీ అడిగింది సాక్షికి అప్పజెప్పడం ఆయన వృత్తి. 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆ యాత్ర వల్ల ఆయన పేరు మనకు మిగిలింది. ఆయన నోటిమీదుగా దాటిపోయిన సాక్ష్యాల వల్ల మిగల్లేదు. వెన్నెలకంటి సుబ్బారావుగారి సంగతీ అంతే. మద్రాసు సదరు కోర్టులో 1815 నుంచి 1829 వరకు అనువాదకుడుగా, దుబాసిగా పనిచేసి, ఇంగ్లీషులో తన జీవితకథ రాసుకున్నారు. ఆయన పోయిన ముప్ఫైనాలుగేళ్లకు, 1873లో, అది అచ్చయింది. కర్నల్ మెకంజీ పోగుచేసిన కైఫీయతుల వెనక ఏలూరి నుంచి వెళ్లిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఉన్నారు. ఆ గొప్ప భాండారానికి మాత్రం దొర పేరే నిలిచింది.

దుబాసి పనికి ఈ గుణం ఉంది. పని సరిగ్గా జరిగితే మనిషి కనబడడు. కనబడని ఆ మనిషి లేకపోతే మాత్రం ఒకరి మాట రికార్డుకు ఎక్కదు. అందుచేత దుబాసుల చరిత్ర అంటే ఎవరి మాట లెక్కలోకి వచ్చింది, ఎవరిది రాలేదు అన్న చరిత్రే.

నేను బళ్లారిలో ఇదే వృత్తిలో ఉన్నాను. నాకు వచ్చిన మూడు భాషల్లో రెండు మీకూ వచ్చినవే, తెలుగూ కన్నడమూ. మూడోది నోటితో మాట్లాడేది కాదు. చెవిటివాళ్ల సైగభాషకు నేను దుబాసిని. సరిహద్దులో ఉండే తెలుగువాళ్లు ఈ సంగతి ఎందుకు పట్టించుకోవాలో చెప్పడానికి ముందు మన ఊరి కథ కొంచెం చెప్పుకోవాలి.

నోటిని బట్టి గీసిన గీత

1800 అక్టోబరులో నిజాము కంపెనీకి వదులుకున్న దత్తమండలాల్లో బళ్లారి ప్రాంతం ఉంది. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. రైత్వారీ అంటే మధ్యలో జమీందారు లేకుండా సర్కారు ప్రతి రైతుతోనూ నేరుగా లెక్క తేల్చుకోవడం. నేరుగా అన్నమాట కాగితం మీద బాగుంటుంది. రైతు ఈ ఊళ్లో తెలుగు మాట్లాడతాడు, పక్క ఊళ్లో కన్నడం. కచేరీ లెక్కల్లో మరాఠీ వాడుక, పన్నుల పేర్లలో పార్సీ మాటలు, పైన దొర ఇంగ్లీషు. మన్రో దేశభాషలు నేర్చినవాడు కాబట్టి జనంలో పేరు తెచ్చుకున్నాడు గానీ, ప్రతి పొలానికీ ఆయన వెళ్లలేడు. కరణమూ గుమాస్తా చెప్పిందే రైతు చెప్పినట్టు లెక్క. బళ్లారికి దుబాసి అవసరం ఈనాటిది కాదు.

1808లో దత్తమండలాలు బళ్లారి, కడప జిల్లాలయ్యాయి. 1882లో అనంతపురం విడిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, మిగిలినవి మైసూరులో చేరాయి. బళ్లారి తాలూకా మీద తగువు రేగితే జస్టిస్ మిశ్రా విచారణ జరిపారు. చివరికి అది మైసూరుకే దక్కింది. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం తుంగభద్ర ప్రాజెక్టును దృష్టిలో ఉంచుకుని బళ్లారిని ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసినా అది అమలు కాలేదు. 2021లో హోస్పేట ముఖ్యపట్టణంగా విజయనగర జిల్లా ఏర్పడి మన జిల్లా ఇంకా చిన్నదయింది.

ఈ గీతల వెనక వాదోపవాదాలన్నింటికీ ఆధారం జనాభా లెక్కల్లోని మాతృభాష గడి. ఏ ఊళ్లో తెలుగువారెందరు, కన్నడిగులెందరు అని ఇరుపక్షాలవారూ అంకెలు పట్టుకుని పోట్లాడారు. ఆ గడి నింపడానికి 1951లో లెక్కలు రాసేవారికి ఇచ్చిన సూచనల్లో ఒకటి మన పత్రికల్లో ఎక్కడా చర్చకు వచ్చినట్టు నేను చూడలేదు. పసిపిల్లలకూ, చెవిటి మూగవారికీ తల్లి మాతృభాషనే రాయాలి అని అందులో ఉంది. అంటే ఊయలలోని బిడ్డనూ యాభై ఏళ్ల చెవిటి మనిషినీ ఒకే గాట కట్టారు. తల్లి తెలుగుదయితే ఆ మనిషి తెలుగువాడు, కన్నడిగురాలయితే కన్నడిగుడు. అతని చేతుల్లో ఏ భాష ఉందో ఎవరూ అడగలేదు. 2011 లెక్కల నాటికీ ఆ సూచన సారం అదే. ఆ లెక్కల్లోనే దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల 70 వేల మంది అని తేలింది.

మన సంఖ్య తక్కువగా చూపారని, మన బడులు మూతపడ్డాయని మనం ఎన్నో ఏళ్లుగా బాధపడుతున్నాం. ఆ బాధ న్యాయమైనదే. కాకపోతే మనం చూపించుకున్న సంఖ్యలోనే, తాము ఒక్కసారీ వినని భాష పేరు కింద జమపడ్డవాళ్లు ఉన్నారు.

సైగ అంటే అభినయం కాదు

బళ్లారి నాటకాల ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ ముగ్గురూ ఈ ఊరి వకీళ్లే. పగలు కోర్టులో నోటితో, రాత్రి రంగస్థలం మీద ముఖంతో, చేతులతో జనాన్ని ఒప్పించిన మహానుభావులు. అందుకేనేమో సైగభాష అనగానే మన ఊళ్లో అది ఒకరకం అభినయమని అనుకుంటారు. సంతలో దళారులు తుండుగుడ్డ చాటున వేళ్లు పట్టుకుని ఎద్దుకు ధర కట్టే సైగల్లాంటిదని ఇంకొందరు అనుకుంటారు. రెండూ కాదు. అభినయం ఉన్న భాషకు తోడు. దళారి వేళ్లు అంకెలు మాత్రమే చెబుతాయి. సైగభాషకు సొంత మాటలున్నాయి, సొంత వ్యాకరణం ఉంది.

మన దేశపు సైగభాషలో ముక్కుపుడక ఉండే చోట వేలు ఆనిస్తే స్త్రీ, మీసం చూపితే పురుషుడు. ప్రశ్నార్థకం వాక్యం చివర వస్తుంది. నిన్న, రేపు వంటి కాలం మాట ముందు వస్తుంది. కనుబొమలు ఎగరేయడం, తల అడ్డంగా ఆడించడం భావం కోసం వేసే నగిషీ కాదు, వ్యాకరణంలో భాగం. అదే చేతి సైగకు ముఖం మారితే ప్రశ్న అవుతుంది, లేదా కాదనడం అవుతుంది. అమెరికాలో విలియం స్టోకీ 1960లో మొదటిసారి ఈ దృష్టితో అక్కడి సైగభాషను విడదీసి చూపాడు. మన దేశంలో 1970ల చివర, స్వయంగా చెవిటివాడైన మదన్ వాశిష్ఠ తోటి పరిశోధకులతో కలిసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు నగరాల్లో సైగలు సేకరించి, ఇవి ఒకదానికొకటి దగ్గరి చుట్టాలయిన భాషారూపాలని నిరూపించాడు. మనకు దగ్గరలోనే, గౌరిబిదనూరు తాలూకా అలీపూరులో, చెవిటివారు ఎక్కువగా ఉండడం వల్ల ఆ ఊరిదే అయిన సైగభాష ఒకటి పుట్టింది. వినగలిగినవాళ్లు కూడా అక్కడ దాన్ని వాడతారు. భాష పుట్టడానికి చెవి అక్కర్లేదు, తోటిమనిషి ఉంటే చాలునని ఆ ఊరు చెబుతోంది.

అయితే చదువుకున్నవారి లోకం ఈ భాషను చాలాకాలం బడిలోకి రానివ్వలేదు. 1880లో ఇటలీలోని మిలాను నగరంలో చెవిటి పిల్లల ఉపాధ్యాయుల మహాసభ జరిగి, సైగలు మానిపించి పెదవులు చూసి మాట నేర్పడమే ఉత్తమమని తీర్మానించింది. సభికులు దాదాపు అందరూ వినగలవారే. మన దేశంలో బొంబాయిలో 1880ల మధ్యలో, కలకత్తాలో 1893లో, మైసూరులో 1901లో చెవిటి పిల్లలకు బడులు వెలిశాయి. అవి వెలిసిన కాలమే ఆ తీర్మానం చెల్లుబాటయిన కాలం. తరగతి గదిలో చేతులు కట్టుకుని కూర్చోమనేవారు. గంట కొట్టాక హాస్టలు వరండాలో పిల్లలు పిల్లలకు సైగలు నేర్పుకున్నారు. దొంగతనంగా బతికిన భాష అది. 2010లో వాంకూవరులో జరిగిన అటువంటి మహాసభే మిలాను తీర్మానం వల్ల జరిగిన హానికి విచారం తెలిపింది. అప్పటికి 130 ఏళ్లు గడిచిపోయాయి.

ఇందులో మనకు సంబంధించిన చిన్న చిక్కు ఒకటి ఉంది. మన దేశంలో పేర్లు చెప్పడానికి ఎక్కువగా వాడే వేళ్ల అక్షరాలు ఇంగ్లీషువారి రెండు చేతుల అక్షరాల నుంచి వచ్చినవి. తెలుగింటి చెవిటి పిల్ల తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పుకోవాలి. బళ్లారిలోని ‘ళ’కు ఆ వేళ్లలో చోటు లేదు. తల్లి తెలుగు, బడి కన్నడం, వేళ్లు ఇంగ్లీషు, చెయ్యి భారతీయ సంజ్ఞాభాష. ఇన్నింటి మధ్య పెరిగే బిడ్డను జనాభా లెక్క ఒక్క మాటతో తేల్చేసింది.

చట్టం చూసిన చెయ్యి

విచిత్రం ఏమిటంటే, బడి ఒప్పుకోని సైగను కోర్టు ఎప్పుడో ఒప్పుకుంది. 1872 నాటి సాక్ష్యాల చట్టం 119వ సెక్షనులో, మాట్లాడలేని సాక్షి రాసి గానీ సైగల ద్వారా గానీ బహిరంగంగా కోర్టులో చెబితే, దాన్ని నోటి సాక్ష్యంగానే ఎంచాలని ఉంది. 1885లో అలహాబాదు హైకోర్టు ఫుల్ బెంచి ముందుకు ఒక కేసు వచ్చింది. గొంతు కోయబడి మాట పోయిన ఒక స్త్రీ, చనిపోయే ముందు, పేర్లు ఒక్కొక్కటే అడిగినప్పుడు చేతిని ఆడించి అవును, కాదు అని చెప్పింది. ఆ చేతి కదలిక కూడా వాఙ్మూలమేనని కోర్టు తేల్చింది.

ఇంత చూసిన చట్టం ఒకటి మాత్రం చెప్పలేదు. ఆ సైగను కోర్టుకు విప్పి చెప్పేది ఎవరు? తెలుగుకూ కన్నడానికీ అనువాదకుల ఉద్యోగాలు ఏర్పడ్డాయి, జీతాలు, పింఛన్లు వచ్చాయి. సైగకు ఎవరూ లేరు. తండ్రి, అన్న, పొరుగువాడు, బడిపంతులు, ఎవరు దొరికితే వారే దుబాసి. రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక హత్యకేసులో 2012లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా పట్టించుకుంది. చెవిటి మూగ సాక్షి చెప్పింది ఆమె తండ్రే విప్పి చెప్పాడు, ప్రమాణం చేయించలేదు. సాక్షిగా ఆమె యోగ్యురాలే గానీ, కేసుతో సంబంధం ఉన్నవాడు ప్రమాణం లేకుండా చెప్పిన అనువాదాన్ని నమ్మలేమని న్యాయమూర్తులు అన్నారు. అంటే ఆమె మాట ఆమె తప్పువల్ల కాక దుబాసి లోపంవల్ల చెల్లకుండా పోయింది.

2013లో చట్టం సవరించి, అటువంటి సాక్షికి దుబాసినో ప్రత్యేక ఉపాధ్యాయుణ్నో పెట్టాలని, వాఙ్మూలాన్ని వీడియో తీయాలని చేర్చారు. 1872 నుంచి లెక్కిస్తే 141 ఏళ్లు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రం ఏర్పడింది. దాని నిఘంటువు 2021 నాటికి 10 వేల మాటలకు పెరిగింది. 2023 సెప్టెంబరులో బెంగుళూరుకు చెందిన చెవిటి న్యాయవాది సారా సన్నీ సైగ దుబాసి సాయంతో సుప్రీంకోర్టు ముందు వాదించారు. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్యాల చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ దుబాసి నిబంధన ఉంది. పెద్ద కోర్టు దాకా వెళ్లిన ఈ వెలుగు జిల్లాల్లో ఎంత పడుతోందో చెప్పడానికి ఈ మధ్యన గడిచిన ఒక సోమవారం చాలు. మనుషుల గుర్తులు మార్చి చెబుతున్నాను.

ఒక సోమవారం

పొద్దున పదిన్నరకు కోర్టు. సాక్షి హగరి ఏటి పక్క పల్లెలో మిరపకాయల కూలికి వెళ్లే మనిషి. తెలుగిల్లు. బడి మొహం చూడలేదు, కాబట్టి నిఘంటువులో ఉన్న సైగభాష ఆమెకు రాదు. ఆమెకున్నవి ఇంటి సైగలు, తల్లీ తోబుట్టువులూ ఆమే కలిసి అల్లుకున్నవి. ఆ సైగలు నాకూ పూర్తిగా అందవు. ఇటువంటప్పుడు మధ్యలో ఇంకొక దుబాసి కావాలి, అతను చెవిటివాడే అయి ఉండాలి. కౌల్‌బజారులో జీన్సు ప్యాంట్లు కుట్టే ఒక పెద్దమనిషి ఈ పనిలో దిట్ట. చెవిటి బతుకు తెలిసినవాడు కాబట్టి ఇంటి సైగలను ఇట్టే పట్టుకుంటాడు. ఆమె అతనికి చెప్పాలి, అతను నాకు చెప్పాలి, నేను కన్నడంలో కోర్టుకు చెప్పాలి. ముగ్గురమూ ఒకరి ముఖం ఒకరికి కనబడేలా నిలబడాలి. వీడియో తీసే మనిషికి అందరి చేతులూ కనబడాలి.

ఎదుటి పక్షం వకీలు లేచి, ఇన్ని చేతులు మారిన మాటను ఎలా నమ్మడమని అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. ఆమె సైగను ముందు ఉన్నదున్నట్టు వర్ణించి, తర్వాత అర్థం చెప్పమని జడ్జీగారు మమ్మల్ని ఆదేశించారు. ఇద్దరిచేతా ప్రమాణం చేయించారు. ఎన్ని గంటలకు చూశావన్న ప్రశ్నకు ఆమె చెయ్యి చాచి ఆకాశంలో సూర్యుడు ఎక్కడున్నాడో చూపింది. అది ఎన్ని గంటలవుతుందో నేను చెప్పకూడదు. చెయ్యి ఎంత ఎత్తున ఉందో మాత్రమే చెప్పాలి. గంట కట్టే పని కోర్టుది. దుబాసి పనిలో కష్టమైనది ఈ ఆగడమే. నాకు తెలిసింది నా నాలుక మీదికి రాకూడదు.

అరగంట గడిచేసరికి నా మెదడు వేడెక్కుతుంది. ఇరవై, ముప్ఫై నిమిషాలకోసారి ఇద్దరు దుబాసులు మార్చుకోవాలన్నది ఈ వృత్తిలో చాలా దేశాల్లో పాటించే పద్ధతి. ఇక్కడ మార్చుకునేందుకు రెండోవారు లేరు. గంటన్నర నడిచింది. మిగతా ప్రశ్నలు వచ్చే వాయిదాకన్నారు. బయటికొచ్చాక ఆమె ఒకటే అడిగింది. మళ్లీ వచ్చినప్పుడు మీరిద్దరూ ఉంటారా అని. కేసు గెలుస్తామా అని అడగలేదు.

మధ్యాహ్నం ఆసుపత్రి. ఒక కుర్రవాడికి కడుపునొప్పి. పక్కనున్న మేనమామ అన్నింటికీ తానే జవాబు చెబుతున్నాడు, నాలుగు రోజులుగా నొప్పి, ఏమీ తినడం లేదని. ప్రేమగానే చెబుతున్నాడు. కుర్రవాణ్ని అడిగితే నొప్పి పండగ ముందు నుంచీ ఉందన్నాడు, రక్తం పడుతోందన్నాడు. సిగ్గుతో ఇంట్లో చెప్పలేదన్నాడు. ఇంట్లో చెప్పడానికి అంత భాష కూడా లేదు. అన్నం, నీళ్లు, పడుకో, పనికి పో అన్నంతవరకే వాళ్ల మధ్య సైగలున్నాయి. డాక్టరుగారు కలం ఆపి మొదటినుంచి మళ్లీ రాసుకున్నారు.

నాలుగు గంటలకు రిజిస్ట్రేషను ఆఫీసు. అన్నదమ్ములు ఇద్దరు, తమ్ముడు చెవిటివాడు. తండ్రి పొలంలో తన వాటా అన్నకు వదులుకుంటున్నట్టు విడుదల పత్రం రాసి తెచ్చారు. ఆఫీసరుగారు పాత పద్ధతిలో వేలిముద్ర వేయించకుండా దుబాసిని పిలిపించడం ఆ రోజు నేను చూసిన మంచి విషయాల్లో ఒకటి. “మావాడికి నేను చెప్తానమ్మా, మీకెందుకు శ్రమ” అన్నాడు అన్న. ఆఫీసరుగారు ఒప్పుకోలేదు. పత్రంలోని ప్రతి వాక్యాన్నీ సైగల్లో చెప్పాను. పొలం, మీ నాన్నది, ముక్కలు రెండు, నీ ముక్క అన్నకు, తిరిగి రాదు. తమ్ముడు చాలాసేపు నా చేతులనే చూశాడు. బ్యాంకు అప్పు కోసం సంతకమని చెప్పి తీసుకొచ్చారని చెప్పాడు. ఆ మాట కూడా నేను పైకి చెప్పాలి కదా, చెప్పాను. అన్న తల వంచుకున్నాడు. అతనూ ఏమంత దుర్మార్గుడని నేననను. ముప్ఫై ఏళ్లుగా తమ్ముడి తరఫున తానే మాట్లాడి మాట్లాడి, తమ్ముడికి వేరే మాట ఉంటుందన్న సంగతే అతను మరిచిపోయాడు. పత్రం ఆ రోజు రిజిష్టరు కాలేదు.

కోర్టులో, ఆసుపత్రిలో, ఆఫీసులో ఆ రోజు జరిగినవి మూడు వేరువేరు సంగతులుగా కనిపిస్తాయి. మూడింటిలోనూ ఉన్నది ఒకటే. ఇంటివాళ్లే దుబాసులైన చోట చెవిటి మనిషి మాట ఇంటిగడప దాటదు. 2012లో పెద్ద కోర్టు చెప్పిన న్యాయసూత్రం ఇదేనని ఇటువంటి సాయంత్రాల్లో బాగా అర్థమవుతుంది.

ఆరు దాటాక ఒక చిన్నదంపతులు మూడేళ్ల పాపను తీసుకుని మా ఇంటికి వచ్చారు. పాపకు వినబడదని ఏడాది కిందట తేలింది. సైగలు నేర్పితే ఇక మాటలు రావని ఎవరో వాళ్లను భయపెట్టారు. పసితనంలోనే చేతికి భాష అందిన పిల్లలకు తర్వాతి చదువు సులువవుతుందనీ, సైగ నోటిమాటకు అడ్డు కాదనీ చెప్పాను. తల్లి కాసేపు ఊరుకుని, “మరి మా పాపకు తెలుగు వస్తాదా అక్కా?” అంది.

ఈ ప్రశ్నకు నా బతుకే కొంత జవాబు. మా అమ్మా నాన్నా ఇద్దరూ చెవిటివాళ్లు. నేను మొదట నేర్చింది అమ్మ చేతుల భాష. తెలుగు మా అవ్వ నేర్పింది, కన్నడం బడి నేర్పింది. జనాభా లెక్కల వరసలో చూస్తే నా మాతృభాష తెలుగు. నిజంలో చూస్తే మా అమ్మ భాష సైగ. అయినా అమ్మ తెలుగు చదివేది. వారపత్రిక వచ్చిన రోజు వంట ఆలస్యమయ్యేది. చేతికి ముందు ఒక భాష దొరికింది కాబట్టే కంటికి తెలుగు దొరికింది. పాప తల్లికి ఈ మాటే చెప్పాను. వస్తుంది, చెవిలోంచి కాక కంట్లోంచి వస్తుంది, దానికి మీరిద్దరూ ముందు చేతులతో మాట్లాడడం నేర్చుకోవాలి అని.

మాతృభాష అన్న మాట

1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని అది రాష్ట్రాలకు చెబుతోంది. సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఆ అధికరణమే ఊతకర్ర. తెలుగు బడి కావాలని అర్జీ పెట్టిన ప్రతిసారీ మనం దాన్నే ఎత్తి చూపుతాం. తల్లి ఒడిలో విన్న భాషలో చదువు మొదలైతే బిడ్డకు బుద్ధి వికసిస్తుందని మనం వాదిస్తాం. ఆ వాదంలో బలం ఉంది.

ఆ వాదాన్నే చివరిదాకా నడిపిస్తే ఎక్కడికి వస్తాం? చెవిటి పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినగల తల్లిదండ్రులకు పుట్టినవారే. వాళ్లకు తల్లి ఒడిలో వినబడిన భాష ఏదీ లేదు. వాళ్లకు సహజంగా అబ్బే భాష తల్లికి రాదు. ప్రతి ఇంట్లోనూ ఒక్కొక్కరుగా, సొంత తల్లిదండ్రుల మధ్యనే అల్పసంఖ్యాకులుగా పెరిగే జనం వీళ్లు. మనకైతే ఇల్లు తెలుగు, వీధి కన్నడం. బయట ఎంత పోగొట్టుకున్నా ఇంటికొచ్చి తలుపు వేసుకుంటే మన భాష మనకుంటుంది. వాళ్లకు ఆ తలుపు కూడా లేదు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో వాళ్ల భాష లేదు. ఏ రాష్ట్రం గీతా వాళ్ల కోసం గీసింది కాదు. బళ్లారి చెవిటి మనిషి ఆదోని చెవిటి మనిషితో మాట్లాడటానికి ఏ సరిహద్దూ అడ్డు రాదు. మనకు లేని ఆ ఒక్క సుఖం మాత్రం వాళ్లకు ఉంది.

సంఖ్య తక్కువైన వాళ్ల బాధ సంఖ్య తక్కువైన వాళ్లకు తెలుస్తుందంటారు. అందుకే ఈ మాట తెలుగుదేశం నడిబొడ్డున ఉన్న పెద్ద పత్రికకు రాయకుండా ఇక్కడ రాస్తున్నాను. మన సంఘాల దగ్గర గ్రంథాలయాలున్నాయి, ఉగాదికీ రాఘవ జయంతికీ సభలు జరుపుకునే హాళ్లున్నాయి. వారానికి ఒక సాయంత్రం ఒక చెవిటి ఉపాధ్యాయుణ్ని పిలిచి, చెవిటి పిల్లలున్న తెలుగిళ్ల తల్లిదండ్రులకు సైగలు నేర్పించవచ్చు. ఆ పక్కనే ఆ పిల్లలకు బొమ్మలతో, సైగలతో తెలుగు అక్షరాలు దిద్దించవచ్చు. వీటికి సర్కారు ఉత్తరువు అక్కర్లేదు. పది కుర్చీలు, మంచి వెలుతురు ఉన్న గది చాలు. చేతుల భాషకు వెలుతురే గాలి.

వీరాస్వామయ్యగారి కాలంలో దుబాసి జడ్జీకీ సాక్షికీ మధ్య నిలబడ్డాడు. నేనూ నా సాటి పనివాళ్లూ ఎక్కువసార్లు తల్లికీ బిడ్డకూ మధ్య, అన్నకూ తమ్ముడికీ మధ్య నిలబడుతున్నాం. కోర్టులో దుబాసి ఉండడం న్యాయం. ఇంట్లో దుబాసి అవసరం పడడం న్యాయం కాదు. మా వృత్తికి ఇంకా మనుషులు కావాలి, శిక్షణ కావాలి, జీతాలు కావాలి. వాటితో పాటు, ఇళ్లలోనైనా మా అవసరం తీరిపోవాలని నేను కోరుకుంటున్నాను.